పాత బండి తుప్పు: మరకను కాదు, నీళ్లు నిలిచే చోటును చూడాలి

పాత కారు తలుపు అడుగున గోరంత పొక్కు కనిపిస్తుంది. గీకితే రంగు పెచ్చు ఊడి వస్తుంది, కింద ఎర్రటి పొడి. అక్కడ సాండ్‌పేపర్‌తో రుద్ది, కాస్త ప్రైమర్ కొట్టి, పైన రంగు స్ప్రే చేసి పని అయిపోయిందనుకుంటాం. ఏడాది తిరక్కుండానే అదే చోట పొక్కు మళ్లీ లేస్తుంది, ఈసారి బొటనవేలంత. రంగు మంచిది కాదని ఒకరు, ప్రైమర్ సరిగా ఆరలేదని ఇంకొకరు అంటారు. చాలాసార్లు తప్పు ఆ రెండిటిదీ కాదు. ఆ పొక్కు బయటి నుంచి లోపలికి పోయింది కాదు, లోపలి నుంచి బయటికి వచ్చింది. తలుపు లోపల రేకు మడత పెట్టిన సందులో ఏళ్ల తరబడి నిలిచిన తడి, రేకును తినుకుంటూ వచ్చి చివరికి రంగును పైకి నెట్టింది. మనం రుద్దింది దాని కొసను మాత్రమే.

తుప్పు మాట వస్తే అందరూ ముందు అడిగేది ఒకటే: దేనితో రుద్దాలి, ఏ మందు పూయాలి? దీనికి పది మంది పది రకాలుగా చెబుతారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంటుంది, తికమకంతా అందుకే. నా లెక్కలో ఆ ప్రశ్న మూడోదో నాలుగోదో అవుతుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరు: ఇక్కడికి నీళ్లు ఏ దారిన వస్తున్నాయి? వచ్చినవి ఎందుకు బయటికి పోవడం లేదు? ఇది తేలకుండా పూసిన మందు ఏదైనా, పుండు కడగకుండా కట్టు కట్టినట్టే.

ఇనుము ఎందుకు ఆగదు

గనిలో దొరికే ఇనుప ఖనిజం చాలావరకు ఇనుమూ ఆక్సిజనూ కలిసిన పదార్థమే. కొలిమిలో బోలెడంత వేడి పెట్టి ఆక్సిజన్‌ను విడగొడితే మన చేతికి ఇనుము వస్తుంది. సందు దొరికిందంటే అది మళ్లీ ఆ పాత రూపానికే పోతుంది. ఆ తిరుగు ప్రయాణానికి రెండు కావాలి: నీళ్లు, ఆక్సిజన్. ఒకటి లేకపోతే రెండోది ఎంత ఉన్నా పని జరగదు. బాగా పొడిగా ఉన్న గాలిలో ఇనుము ఏళ్లకేళ్లు మెరుస్తూనే ఉంటుంది. మరిగించి, లోపలి గాలి పోగొట్టి, మూత బిగించిన నీళ్లలో వేసిన మేకుకూ దాదాపు ఏమీ కాదు.

రేకు మీద జరిగేది చిన్న బ్యాటరీ లాంటి వ్యవహారం. ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీళ్లలో కరుగుతుంది, అది ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండానే పక్క చోటికి వెళ్లి, అక్కడ ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలుస్తాయి, అది కేథోడ్. సర్క్యూట్ పూర్తి కావాలంటే ఆ రెండు చోట్ల మధ్య తడి ఉండాలి. ఆ తడిలో ఉప్పు కలిస్తే కరెంటు ఇంకా సులువుగా నడుస్తుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్, ఇనుము మీద ఏర్పడే పల్చటి రక్షణ పొరను కూడా చెడగొడుతుంది. సముద్రపు గాలి తగిలే చోట తిరిగిన బండి, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన బండి, ఒకే వయసున్న మిగతా బండ్ల కంటే ముందు ముసలివైపోవడం ఇందుకే.

కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ 1920ల్లో ఇదంతా ఒక్క నీటి చుక్కతో చూపించాడు. ఇనుప పలక మీద ఉప్పునీటి చుక్క పెడితే తుప్పు ఎక్కడ తినాలి? గాలి బాగా తగిలే అంచుల్లోనే కదా అనిపిస్తుంది. జరిగింది తలకిందులు. రంగు మారే రసాయనాలు కలిపి చూస్తే అంచు గులాబీగా, మధ్య భాగం నీలంగా మారింది. అంటే గాలి అందిన అంచు కేథోడ్ అయి క్షేమంగా ఉంది. గాలి సరిగా అందని మధ్య భాగం ఆనోడ్ అయి కరిగిపోతోంది. తుప్పు పొడి మాత్రం ఈ రెండిటి నడుమ ఉంగరంలా పేరుకుంది.

బండి మీద జరిగేదంతా ఈ చుక్కలోనే ఉంది. రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన సందు, చక్రం పైన ఒంపులో అతుక్కున్న బురద ముద్ద, బండి అడుగున పూసే అండర్‌కోటింగ్ పగిలితే దాని కింద చేరిన తడి, తలుపు మడత: ఇవన్నీ గాలి తక్కువగా అందే చోట్లు. అందుకే నేరుగా వాన తగిలే బోనెట్ కంటే, వానే తగలదనుకున్న సందులు ముందు పోతాయి. తుప్పు ఎర్రగా కనిపించే చోటు, ఇనుము కరుగుతున్న చోటు కచ్చితంగా ఒకటే కావాలని లేదు.

ఇంకో సంగతి. అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది, కానీ దాని పొర గట్టిగా అంటుకుని కింద ఉన్న లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. అది గుల్లగా, బూడిదలా ఉండి నీళ్లను పీల్చి పట్టుకుంటుంది. అది పుట్టిన ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు కూడా ఆక్రమిస్తుంది. రంగు పొక్కులు లేవడానికి కారణం అదే. వెల్డ్ చేసిన రెండు రేకుల మధ్య తుప్పు పేరుకుంటే, ఆ రేకులు ఉబ్బి విడిపోయేంత బలం దానికి ఉంటుంది. "పైపైన తుప్పేలే, అదే కాపాడుతుంది" అని కొందరు అంటుంటారు. వంతెనలకు, కట్టడాలకు వాడే ప్రత్యేకమైన ఉక్కు విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. కారు రేకు ఆ ఉక్కు కాదు.

గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది, వాన పడనక్కర్లేదు. రేకుకు కొన్ని రకాల లవణాలు అంటుకుని ఉంటే అంత తేమ కూడా అవసరం లేదు. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. రోడ్ల మీద మంచు కోసం చల్లే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. వేడి కూడా ఈ పనికి తోడే. చలికాలంలో ఉప్పు బురద అంటిన బండిని కడగకుండా వెచ్చటి గ్యారేజీలో పెట్టడం కంటే బయట చలిలో వదిలేయడమే నయం. ప్రేమగా దాచామనుకుంటాం కానీ, లోపల పండుతున్నది తుప్పే. మందపాటి ప్లాస్టిక్ కవరు కప్పినా అంతే. కింది నుంచి లేచిన ఆవిరి ఎటూ పోలేక రేకు మీదే చెమర్చి నిలుస్తుంది.

నీళ్లు దాక్కునే చోట్లు

కారు తలుపు లోపలికి నీళ్లు పోవడం లోపం కాదు. అద్దం దిగే సందులోంచి వాన నీళ్లు లోపలికి జారతాయని తయారుచేసినవాళ్లకు తెలుసు. అందుకే అడుగున చిన్న రంధ్రాలు పెట్టారు. దుమ్ము, ఆకు ముక్కలు, ఒక్కోసారి ఎవరో శ్రద్ధగా పూసిన అండర్‌కోటింగ్ ఆ రంధ్రాలను మూసేస్తాయి. అప్పటి నుంచి తలుపు ఒక తొట్టి. బండిని ఎత్తుపల్లాల్లో ఆపినప్పుడు తలుపులోంచి నీళ్లు కదిలిన చప్పుడు వస్తే ఇక వెతకాల్సిన పనే లేదు.

తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బోలు పెట్టెను సిల్ అంటారు. చాలా కార్లలో బాడీ వంగకుండా నిలబెట్టే భాగాల్లో ఇది ముఖ్యమైనది. దానికీ అడుగున నీళ్లు పోయే దారులుంటాయి. చక్రాలు చిమ్మే తడి బురద వెనకాల ప్లాస్టిక్ లైనర్ చాటున చేరి, సిల్ చివర్లను మెల్లగా తింటుంది. బయటి నుంచి చూస్తే రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

ముందు అద్దం కింద వైపర్లు ఉండే గుంట మరో చోటు. చెట్టు కింద ఆపే బండి అయితే ఆకులు అక్కడ కుళ్లి, నీళ్లు పోయే గొట్టాన్ని పూడ్చేస్తాయి. నీళ్లు నిండి పొర్లితే కొన్ని బండ్లలో నేరుగా కాళ్ల దగ్గరికి వస్తాయి. కార్పెట్ పైన పొడిగానే తగులుతుంది, కింద ఉన్న స్పాంజి మాత్రం నెలల తరబడి తడిగా ఉంటుంది. పాత బండి కొన్నాక నేను చేసే మొదటి పని కార్పెట్ మూల పైకెత్తి అరచేయి పెట్టి చూడడం. చల్లగా, చెమ్మగా తగిలిందంటే ఫ్లోర్ రేకు సంగతి ఊహించుకోవచ్చు. అద్దం చుట్టూ రబ్బరు, సన్‌రూఫ్ గొట్టాలు, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు ఒక్కొక్కటిగా పరీక్షించాలి. డిక్కీలో స్టెప్నీ కింద గుంట నిండితే అనుమానం టెయిల్ లైట్ల రబ్బరు మీదికి పోవాలి.

దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక్కో చోట చెంబెడు నీళ్లు నెమ్మదిగా పోసి, అవి ఎక్కడ బయటికి వస్తున్నాయో కింద కూర్చుని చూస్తే చాలు. పోసిన నీళ్లు బయటికి రాలేదంటే దొంగ దొరికినట్టే.

లారీలు, జీపులు, పికప్‌ల ఛాసీది వేరే కథ. పెట్టెలా మూసి ఉన్న ఛాసీ గొట్టాల్లో బురద చేరితే లోపలి నుంచే పలచబడతాయి. కొత్త బండ్లకూ ఇది తప్పలేదు. అమెరికాలో టకోమా, టండ్రా, సెకోయా వాహనాల ఛాసీల తుప్పు మీద నడిచిన కేసులో 2016లో టొయోటా ఒప్పందానికి వచ్చింది. చెడిపోయిన ఛాసీలు మార్చి ఇవ్వడమూ అందులో భాగం, మొత్తం విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు. ద్విచక్ర వాహనాల్లో అయితే సీటు కింద ఫ్రేము అతుకులు, సైలెన్సర్ అడుగు, పెట్రోలు ట్యాంకు లోపలి భాగం చూసుకోవాలి. సగం ఖాళీగా నెలల తరబడి నిలిపిన ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగుకు చేరుతుంది. ఎక్కువ కాలం ఆపేటట్టయితే ట్యాంకు నింపి ఆపమనేది అందుకే.

ఎంత లోతుకు పోయింది?

తుప్పును చూడగానే పడే టెన్షన్ ఒక్కోసారి అనవసరం, ఒక్కోసారి చాలదు. ఛాసీ మీద ఎర్రటి పొడి పూత ఎంత భయంకరంగా కనిపించినా, కింద 3 మిల్లీమీటర్ల మందం గట్టిగా ఉంటే అది పై పని మాత్రమే. అదే బాడీ రేకు మందం దాదాపు ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువే. అక్కడ చిన్న పొక్కు కూడా చిల్లుకు ముందు అడుగు కావచ్చు.

చూపును నమ్మకుండా చేతిని నమ్మాలి. బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపాకే, ఒక్క జాకీ మీద ఉంచి ఎప్పుడూ కాదు, కిందికి దూరి చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది. చచ్చిన రేకు డబ్బుమని మొద్దుగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిందా, ఇక అక్కడ పూతల మాట మరిచిపోవచ్చు. పైన రంగు బాగున్న చోట పుట్టీ దాచారేమో తెలుసుకోవడానికి గుడ్డ చుట్టిన అయస్కాంతం చాలు. పుట్టీ మందంగా ఉన్న చోట అది అంటుకోదు.

ఒకసారి నేను చూసిన బండికి అడుగంతా కొత్తగా నల్లటి కోటింగ్ వేసి ఉంది. అమ్మే మనిషి దాన్నే గొప్పగా చూపించాడు. స్క్రూడ్రైవర్ పిడితో తడితే అట్టముక్కలా వంగింది. అప్పటి నుంచి పాత బండికి కొత్త నల్ల పూత కనిపిస్తే నాకు ముచ్చట కంటే అనుమానమే ఎక్కువ.

తుప్పు ఎంత ఉందన్నది ఒక ఎత్తు, ఎక్కడ ఉందన్నది ఇంకో ఎత్తు. మడ్‌గార్డ్‌కు చిల్లు పడితే అందం పోతుంది. సీటు బెల్టు బిగించిన చోట, సస్పెన్షన్ తగిలించిన చోట, స్టీరింగ్ బిగించిన చోట రేకు చెడితే మనిషి పోతాడు. బ్రిటన్‌లో ఏటా జరిపే వాహన పరీక్షలో ఇలాంటి బిగింపుల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు బలం తగ్గించేంత తుప్పు ఉంటే బండిని ఫెయిల్ చేస్తారు. ఆ కొలత మన పరీక్షకూ పనికొస్తుంది. బ్రేకు పైపుల దగ్గర ఇక బేరాలే లేవు. ఇనుప బ్రేకు పైపు మీద పొలుసులు లేచి గుంటలు పడితే దాన్ని రుద్ది రంగు వేయకూడదు, మార్చాలి. పొలుసు గీకుతుంటేనే పైపు చితికిపోవచ్చు. మార్చేటప్పుడు రాగి, నికెల్ కలిసిన పైపు వేయిస్తే మళ్లీ తుప్పు గొడవ ఉండదు.

తీయడం

రేకు గట్టిగానే ఉందని తేలితే, తుప్పును తెల్లటి లోహం కనిపించేదాకా తీయడం అన్నిటికంటే మంచి పద్ధతి. మాటకు సులువే. తుప్పు నున్నగా పరుచుకుని ఉండదు, రేకులో సూది గుంటలు తవ్వుకుని కూర్చుంటుంది. గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి తిప్పితే పైపొర ఊడి లోహం మెరుస్తుంది, కానీ ఆ మెరుపులో సగం గుంటల్లోని తుప్పును పాలిష్ చేసినదే. పక్క నుంచి లైటు కొట్టి చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. మళ్లీ మొలకెత్తేవి అవే. గరుకు డిస్కుతో బలంగా రుద్దితే గుంటలు పోతాయి, వాటితోపాటు ఉన్న కొద్దిపాటి మందమూ పోతుంది. మెష్‌లా ఉండే నైలాన్ స్ట్రిప్పింగ్ డిస్కు రేకును పెద్దగా తినకుండా రంగునూ తుప్పునూ లాగేస్తుంది. బాడీ మీద నేను దాన్నే ఎంచుకుంటాను.

గుంటల అడుగు దాకా వెళ్లేది బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడిని చిమ్మి తుప్పు రాల్చడం. ఛాసీ, సస్పెన్షన్ చేతులు, చక్రాల రిమ్ములకు దానికి సాటి లేదు. బోనెట్, టాపు లాంటి పెద్ద పల్చటి రేకుల మీద అదే జోరు చూపిస్తే రేకు అలలు తిరిగి వంకర పోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. మామూలు ఇసుక మాత్రం వాడకూడదు. ఆ సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. గార్నెట్ లాంటి వేరే పొడులున్నాయి. వాటికైనా మాస్కు తప్పదు.

విప్పి పక్కన పెట్టగలిగే భాగాలకు నానబెట్టే పద్ధతి హాయి. సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు చవకగా పనిచేస్తాయి. కాకపోతే గంటల లెక్క చూసుకోవాలి, మరిచిపోతే మంచి లోహాన్నీ తింటాయి. తుప్పును మాత్రమే పట్టుకుని కరిగించే, ఆమ్లం కాని ద్రావణాలు దొరుకుతాయి. అవి నెమ్మది, కానీ రాత్రంతా వదిలేసి నిద్రపోవచ్చు. స్ప్రింగులు, బాగా గట్టిపరచిన బోల్టులను మాత్రం ఘాటైన ఆమ్లాల్లో వేయకూడదు. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. చూపుకు కొత్తగా మెరుస్తున్న బోల్టు బరువు పడగానే టక్కున తెగుతుంది.

వాషింగ్ సోడా నీళ్లలో బ్యాటరీ ఛార్జర్‌తో చేసే ఎలక్ట్రాలిసిస్‌కు అభిమానులు చాలామంది. తుప్పు పట్టిన వస్తువుకు నెగెటివ్, పక్కన పెట్టిన పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్. వైర్లు తారుమారైతే శుభ్రం కావాల్సిన వస్తువే కరిగిపోతుంది. ఆ ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం వస్తుంది, పెట్టకూడదు. బుడగలుగా లేచేది హైడ్రోజన్, కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి.

తుప్పును మార్చే మందులు

రస్ట్ కన్వర్టర్ అని అమ్మే సీసాల చుట్టూ ఉన్నంత గందరగోళం ఇంకెక్కడా లేదు. వీటిలో సాధారణంగా టానిక్ యాసిడో, ఫాస్ఫారిక్ యాసిడో, రెండూనో ఉంటాయి. టానిక్ యాసిడ్ తుప్పుతో కలిసి నల్లటి ఫెర్రిక్ టానేట్ అవుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఐరన్ ఫాస్ఫేట్ పొర వేస్తుంది. రెండూ తుప్పు కంటే నిలకడైనవే. అంతవరకు సీసా మీద రాసింది నిజం.

అక్కడ రాయనిది లోతు గురించి. మందు తాను తడిపినంత మందం తుప్పునే మారుస్తుంది. పొలుసులు పొలుసులుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, అడుగున ఎర్రటిది అలాగే ఉండి తన పని తాను చేసుకుంటుంది. రాలిపోయే తుప్పంతా బ్రష్‌తో రాల్చి, రేకును గట్టిగా పట్టుకుని ఉన్న పల్చటి పొర మిగిలినప్పుడే ఈ మందుకు అర్థం. ఇంకో విషయం, తుప్పు లేని శుభ్రమైన లోహం మీద టానిక్ మందుకు చేయడానికి పనే ఉండదు. నల్లబడింది కాబట్టి బాగైందనుకుని అలాగే వదిలేయడం కూడా పొరపాటు. కన్వర్టర్ పూత కాదు, దాని మీద నీళ్లు చొరని పూత పడాలి. ఫాస్ఫారిక్ రకం వాడితే, మిగిలిన ఆమ్లాన్ని డబ్బా మీద చెప్పినట్టు కడిగేయాలి, లేకపోతే పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ పట్టకపోవచ్చు. కడగడానికి వీలు లేని సందుల్లోకి ఆ మందును పంపకపోవడమే మంచిది.

తుప్పు మీదే నేరుగా వేయమనే తేమతో గట్టిపడే యూరెథేన్ పూతలున్నాయి, పీఓఆర్-15 లాంటివి. గరుకు తుప్పును అవి నిజంగానే ఉడుంపట్టు పడతాయి. చిత్రమేమిటంటే, నున్నటి శుభ్రమైన రేకు మీదే వాటి పట్టు తక్కువ, పెద్ద పెచ్చులుగా లేస్తాయి. ఎండ తగిలితే రంగు పోతాయి కాబట్టి పైన ఇంకో పూత కావాలి. వాటిలోని ఐసోసైనేట్లు ఊపిరికి మంచివి కావు.

కరెంటుతో తుప్పు ఆపుతామని బ్యాటరీకి తగిలించే చిన్న పెట్టెలు కూడా అమ్ముతుంటారు. వెనక ఉన్న సూత్రం అబద్ధం కాదు. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి రేకులకు జింకు ముక్కలు తగిలిస్తే రాగి బదులు జింకు కరుగుతుందని చూపించాడు. రాగి కరగడం ఆగింది, కానీ దాని విషం లేకపోయేసరికి గుల్ల జీవులు, పాచి అడుగంతా పట్టి ఓడలు నెమ్మదించాయి! ఈ రక్షణ ఓడలకు, భూమిలో పాతిన పైపులకు ఇప్పటికీ వాడుతున్నారు. అక్కడ లోహం చుట్టూ నీళ్లో తడి మట్టో ఉండి సర్క్యూట్ పూర్తవుతుంది. కారు చుట్టూ ఉండేది గాలి. 1990ల్లో ఇలాంటి పరికరం అమ్మిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఆ డబ్బుతో మంచి ప్రైమర్ కొనుక్కోవచ్చు.

పూతల వరస

శుభ్రం చేసిన లోహం చాలా ఆశగా ఉంటుంది. తేమ ఉన్న రోజు గంటల్లోనే దాని మీద పల్చటి పసుపు ఛాయ తేలుతుంది. కాబట్టి పొద్దున రుద్ది, వారం తర్వాత ప్రైమర్ వేసే పద్ధతి పనికిరాదు. చేతితో తాకినా చెమటలోని ఉప్పు అంటుతుంది. గ్రీజు పోయే ద్రావకంతో తుడిచి, ఆరాక, ఆ పూటే ప్రైమర్ వేయాలి. రేకు ఉష్ణోగ్రత, గాలిలోని ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలని పెయింటు పని ప్రమాణం. లేకపోతే కంటికి కనిపించని తడి మీదే రంగు వేస్తున్నట్టు.

ప్రైమర్లన్నీ ఒకటి కావు. డబ్బాలో వచ్చే సాధారణ గ్రే ప్రైమర్ చాలావరకు పైరంగు పట్టడానికీ, రుద్ది నున్న చేయడానికీ చేసింది. అది నీళ్లను పీలుస్తుంది. ప్రైమర్ కొట్టి "రంగు తర్వాత వేద్దాంలే" అని ఆరుబయట తిరిగితే, రేకుకు తడి గుడ్డ చుట్టినట్టే. నీళ్లను నిలువరించేది రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్. జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ కూడా గొప్పదే, కానీ జింకు రేణువులు నేరుగా శుభ్రమైన ఇనుమును తాకితేనే ఆ గొప్ప. తుప్పు మీదో పాత రంగు మీదో కొడితే అది మామూలు బూడిద రంగే. పుట్టీ కూడా నీళ్లను పీల్చే పదార్థమే కాబట్టి, ముందు ఎపాక్సీ, దాని మీద పుట్టీ, మళ్లీ ప్రైమర్, తర్వాత రంగు అన్నదే నేను నమ్మే వరస. రేకుల అతుకుల్లో సీలర్ కూడా ఎపాక్సీ పడ్డాకే.

ఇంత చేసినా ఫ్యాక్టరీ పూతకు సాటి రాదని ఒప్పుకోవాలి. 1970ల చివరి నుంచి బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటుతో ప్రైమర్‌ను సందుసందుకూ పట్టించే పద్ధతి వ్యాపించింది. జింకు పూసిన రేకులు కూడా అదే కాలంలో వచ్చాయి. 1970ల మధ్యలో పోర్షె 911, 1986లో ఆడీ 80 ఆ దారి పట్టాయి. అంతకు ముందు తరం బండ్లలో చాలావాటికి ఈ రెండూ లేవు. మీ బండికి జింకు పూత ఉంటే, అనుమానంతో బాగున్న చోట కూడా గ్రైండర్ పెట్టకండి. తిరిగి వేయలేని పొరను చేజేతులా తీసేసినట్టు అవుతుంది.

చిల్లు పడితే

చిల్లుకు మందు లేదు. ఫైబర్ గుడ్డ, పుట్టీ, అల్యూమినియం టేపు ఏది పెట్టినా అది మూత మాత్రమే, వెనకాల అంచులు తింటూనే ఉంటాయి. చెడిన భాగాన్ని మంచి లోహం వచ్చేదాకా కోసి, అదే మందం రేకు వెల్డ్ చేయించాలి. పాత తుప్పు మీదే కొత్త ముక్క అతికిస్తే మధ్యలో మళ్లీ గాలి ఆడని సందు తయారవుతుంది, ఎవాన్స్ చుక్క మళ్లీ మొదలు. భారం మోసే భాగాలైతే ఆ బండి నిర్మాణం తెలిసినవాళ్ల చేతే చేయించాలి. ఎక్కడపడితే అక్కడ పూర్తిగా కాల్చి అతికించడం కూడా బలం కాదు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ విప్పాలి, కార్పెట్, స్పాంజి తీసేయాలి. ట్యాంకు దగ్గర పని అయితే ట్యాంకే దింపాలి; ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. చాలామందికి ఇది తెలియదు. వెల్డ్ అయ్యాక బయటి వైపు అందంగా రుద్ది రంగు వేస్తారు. లోపలి వైపు రంగు కాలిపోయి ఉత్త ఇనుము మిగిలిందని మాత్రం ఎవరికీ గుర్తుండదు. రెండేళ్లలో వెల్డ్ పక్కనే కొత్త పొక్కు లేచేది అందుకే.

చేయి దూరని చోట్లకు మైనం

బోలు పెట్టెల లోపల రుద్దలేం, ఎపాక్సీ సరిగా కొట్టలేం. అక్కడ తుప్పును తీయాలనే పట్టుదల వదిలేసి, దానికి నీళ్లూ గాలీ అందకుండా చేయడమే పని. నా మటుకు నాకు పాత బండి మీద పెట్టే శ్రమలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. బయట కనిపించదు కాబట్టి దీని మీద ఎవరికీ మోజు లేదు.

పొడవాటి సన్నటి గొట్టం చివర అన్ని వైపులా చిమ్మే ముక్కు తగిలించి సిల్, తలుపు, ఛాసీ గొట్టాల లోపలికి కేవిటీ వ్యాక్స్ కొడతారు. డినిట్రాల్, వ్యాక్సాయిల్ ఈ రకానివి. ఇవి సందుల్లోకి పాకి, పల్చటి మైనపు పొరగా నిలుస్తాయి, ఆరి గట్టిపడి పగలవు. గొర్రె ఉన్నిలోంచి తీసే లానొలిన్‌తో చేసినవి ఫ్లూయిడ్ ఫిల్మ్ లాంటివి. ఎప్పటికీ ఆరవు, ఉన్న తుప్పులోకి కూడా ఇంకుతాయి. కాకపోతే చక్రాలు చిమ్మే నీళ్లకు కడుక్కుపోతాయి, అడుగున కొడితే ఏటా మళ్లీ కొట్టాలి. లోపలి పెట్టెల్లో మైనం, బయట అడుగు భాగానికి లానొలిన్ రకం అని పంచుకుంటే సరిపోతుంది. బ్రేకు డిస్కులు, రబ్బరు బుష్‌లు, సైలెన్సర్ మీద పడకుండా కప్పుకోవాలి.

గట్టిగా ఆరే నల్లటి తారు, రబ్బరు అండర్‌కోటింగ్ కొత్త రేకుకు రాళ్ల దెబ్బల నుంచి కాపు. తుప్పు మొదలైన పాత రేకు మీద అది శత్రువు. ఒక్క చోట పగిలితే చాలు, నీళ్లు దాని కిందికి పాకి బయటికి రాలేవు, కింద ఏం జరుగుతోందో మనకు కనిపించదు. ఇప్పటికే ఉంటే స్క్రేపర్‌తో అంచులు లేపి చూడాలి. గట్టిగా అంటుకుని ఉన్నదాన్ని వదిలేసి, లేచిన మేరకు తీసేసి, శుభ్రం చేసి, మెత్తటి పూతకు మారడం మేలు.

మైనం కొట్టే ముందు ఆ పెట్టెల్లోని మట్టిని తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఎండలో బాగా ఆరనివ్వాలి. తడి మీద మైనం కొడితే తడిని లోపల పెట్టి సీలు వేసినట్టు. వెచ్చటి రోజు అయితే ఇంకా మంచిది, మైనం పల్చబడి సందుల్లోకి తేలిగ్గా దిగుతుంది. తలుపుల అడుగు నుంచి, సిల్ కింద నుంచి అది కారుతుంటే పని సరిగా జరిగినట్టు. మర్నాడు కారడం ఆగాక, సన్నటి తీగ ముక్క పట్టుకుని నీళ్లు పోయే రంధ్రాలన్నిటినీ ఒక్కొక్కటిగా పొడిచి చూడాలి. మనం కొట్టిన మైనమే వాటిని మూసేసి ఉంటుంది.